మనల్ని కొలిచేది ఎవరు?

మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు దీపావళి సెలవుల్లో ఊరికి వెళ్లి, దండారిలో గుస్సాడీగా ఆడాడు. ఆ వీడియోను అన్న ఫోనులో పెట్టాడు. మొదటి రోజే రెండు వందల లైకులు వచ్చాయట. మూడో రోజు ముక్కూమొహం తెలియనివాడెవడో ఒంటికి పూసుకున్న బూడిదను చూసి ఎగతాళిగా ఒక మాట రాశాడు. దాని కింద వరుసగా నవ్వే బొమ్మలు. పిల్లవాడు వీడియో తీసేశాడు. మరుసటి ఏడాది నెమలి పింఛాల టోపీ పెట్టుకోనన్నాడు.

రెండు వందల మంది మెచ్చుకుంటే, ఒక్కడి మాటే వాడికి నిజమెందుకైంది?

ఇతరుల కళ్లకు మనం ఎలా కనిపిస్తున్నామని అనుకుంటామో, దాన్నిబట్టే మనల్ని మనం తెలుసుకుంటామని అమెరికా సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ కూలీ 1902లోనే రాశాడు. ఇతరులే మనకు అద్దం. ఆ లెక్కన గూడెం కూడా అద్దమే. అదేమీ మెత్తనిది కాదు. ఆడపిల్ల గట్టిగా నవ్వితే మాటలనేది గూడెమే. కానీ అన్నవాళ్లకు మన ఇల్లు తెలుసు. రేపు నీళ్ల దగ్గర ఎదురుపడతారు. నిలదీయొచ్చు, పెద్దల్లో పెట్టొచ్చు. ఫోనులో అన్నవాడు మాయమవుతాడు, మాట మాత్రం మిగిలిపోతుంది.

ఇంకో తేడా ఉంది. దండారిలో గుస్సాడీకి జనం మొక్కుతారు. ఆ మొక్కు పిల్లవాడి అందానికి కాదు, వాడి మీదికి వచ్చిన దేవుడికి. పండుగ అయ్యాక టోపీ దించి మళ్లీ పశువుల వెంట వెళ్తాడు. గౌరవాన్ని ఎత్తుకోవడమే కాదు, దించుకోవడమూ మన పెద్దలు నేర్పారు. లైకులకు ఆ దించుకునే రోజు లేదు. ఎప్పుడు వస్తాయో తెలియదు కాబట్టి మాటిమాటికీ చూస్తాం. మనం చూసినంతసేపూ ప్రకటనల డబ్బు కంపెనీలకు చేరుతుంది. 2021 నుంచి ఇన్‌స్టాగ్రామ్‌లో లైకుల లెక్కను కనబడకుండా దాచుకోవచ్చు. మనసులోని లెక్కను దాచే మీట ఏదీ లేదు.

తప్పు పిల్లలదే అనను. మార్కులను బట్టి పిల్లల్ని ముందు బెంచీ, వెనక బెంచీ చేసింది మేమే. అంకెతో తనను కొలుచుకోవడం వాళ్లు మొదట మా దగ్గరే నేర్చారు. ఉపాధ్యాయ దినోత్సవం ఫొటో పెట్టిన రాత్రి నేనూ మూడుసార్లు లేచి చూసుకున్నాను.

వాడిని ఓదార్చాలని, "అదే బూడిద పూసుకుని ఆడిన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చిందిరా" అన్నాను. తర్వాత ఆలోచిస్తే నా ఓదార్పులోనూ లోపం కనిపించింది. ఢిల్లీ మెచ్చింది కాబట్టి మనది గొప్పదైతే, ఎవడో నవ్వితే చిన్నదీ కావాలి కదా! ఆ బిరుదు మనకు సంతోషమే. అది రాకముందూ దండారి దండారే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫోను పారేయమని చెప్పను. ఒక మాట గుచ్చుకున్నప్పుడు అడగండి: అన్నవాడికి నేను తెలుసా? నా బాగు కోరి అన్నాడా? జవాబు చెబితే వింటాడా? మూడింటికీ కాదనే జవాబు వస్తే, ఆ మాట అతని గురించి చెబుతుందేగాని మన గురించి కాదు. పొగడ్తనూ ఇలాగే జల్లించండి. అది ఇంకా కష్టం.

ఆ ఏడాది వాడు టోపీ పెట్టుకోలేదు గానీ గుమ్మేల వాయించాడు. నేను అక్కడే కూర్చుని విన్నాను. ఫోను జేబులోంచి తీయలేదు.