తూలే ఎలుక బాకీ

శరీరం తనలో మొదటినుంచీ ఉన్న పదార్థం జోలికి సాధారణంగా పోదు. బయటినుంచి వచ్చినదాన్ని మాత్రం పరాయిదని గుర్తుపట్టి, దానికి సరిగ్గా అతుక్కునే యాంటీబాడీని తయారుచేసుకుంటుంది. బెంగళూరులో 30 ఏళ్లు జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక ఈ సంగతి ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో లెక్కలేదు. ఇందులో ఒక ధర్మసందేహం ఉందని తోచింది మాత్రం సీఆర్-50 అనే యాంటీబాడీ పుట్టుక గురించి చదివాకే.

ఎడిన్‌బరోలో ఫాల్కనర్ అనే జన్యుశాస్త్రవేత్త, తాగినవాడిలా తూలుతూ నడిచే ఎలుకల గురించి 1951లో రాశాడు. వాటి పేరు రీలర్, అంటే తూలేది. ఆ వ్యాసం వచ్చింది జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌లో. అప్పటి సంపాదకుడు జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన 1957లో మన దేశానికి వచ్చేస్తూ పత్రికనూ వెంట తెచ్చుకున్నాడు. ఇప్పుడది మా బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నుంచే వెలువడుతోంది. హాల్డేన్ దగ్గరికి మళ్లీ వస్తాను.

పిండదశలో మెదడు పైపొర ఒక వరుసలో కట్టుకొస్తుంది. తర్వాత పుట్టిన నాడీకణాలు ముందు పుట్టినవాటిని దాటుకుంటూ పైకి పోయి కుదురుకుంటాయి. తూలే ఎలుకలో ఆ దాటడం కుదరదు. ముందెక్కినవాళ్లు లోపలికి జరగని బస్సులో తర్వాతివాళ్లు మెట్ల దగ్గరే ఇరుక్కున్నట్టు, వరుస దాదాపు తలకిందులవుతుంది. ఏ పదార్థం కొరవడి ఇలా జరుగుతోంది? జపాన్ శాస్త్రవేత్తలు ఒక ఉపాయం పన్నారు. మామూలు ఎలుక పిండాల మెదడును నూరి తూలే ఎలుకలకు ఎక్కించారు. ఆ పదార్థాన్ని ఎన్నడూ ఎరగని శరీరం దాన్ని పరాయిదనుకుంది. అలా దొరికిన సీఆర్-50ని 1995లో ప్రకటించారు. అదే ఏడు అమెరికాలో మరో బృందం ఆ జన్యువును పట్టుకుంది. దాని ప్రోటీన్ పేరు రీలిన్. సీఆర్-50 పట్టుకునేది ఆ రీలిన్‌నేనని 1997లో రుజువైంది.

ఆరోగ్యమైన ఎలుక చేత ఈ పని చేయించడం కష్టం. రీలిన్ దానికి సొంత సొత్తు. ఏ లోపం వల్ల ఈ ఎలుక నడవలేకపోయిందో ఆ లోపమే దాన్ని సాక్షిని చేసింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే మాలాంటివాళ్లకు ఇక్కడొక పోలిక తట్టకపోదు. కానీ దాన్ని ఎక్కువ దూరం లాగను. మనల్నెవరూ పంజరంలో పెట్టలేదు.

ఇలాంటి యాంటీబాడీ కావాలంటే ఎలుకను చంపి ప్లీహం తీయాలి. ఆ కణాలను కంతి కణాలతో కలిపి చావులేని కణవంశం తయారుచేయాలి. ఇది 1975లో కోలర్, మిల్‌స్టైన్ చూపించిన పద్ధతి. 1984లో దానికే నోబెల్ బహుమతి వచ్చింది. నన్ను ఎక్కువ బాధించేది ఇది కాదు. తూలే ఎలుకల వంశం నిలవాలంటే, లోపాన్ని లోపల మోస్తున్న ఆడ, మగ ఎలుకలను జతకట్టించాలి. సగటున నాలుగు పిల్లల్లో ఒకటి తూలుతుందని తెలిసీ, అది తూలాలనే. రోగం పోగొట్టడానికి కాదు, రోగాన్ని నిలబెట్టుకోవడానికే ఆ పెంపకం.

ప్రయోగశాలల్లో ఎలుకను చంపడాన్ని శాక్రిఫైస్ అంటారు, అంటే బలి. బలిలో మొక్కేవాడు ఒకడు, మెడ ఇంకొకరిది. కొందరు మిత్రులు దానం అంటారు. అదీ పొసగదు. హాల్డేన్‌ది దానం. తన శరీరం మీద తానే ప్రయోగాలు చేసుకున్న ఆ మనిషి 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. దాతకు ఇస్తున్నానని తెలియాలి, ఇవ్వనని అనే వీలూ ఉండాలి. ఎలుకకు రెండూ లేవు.

మరి దోపిడీ అందామా? ఇదే జన్యువు చెడిన మనుషుల పిల్లలున్నారని 2000లో వెల్లడైంది. మెదడు ముడతలు సరిగా పడవు, చిన్నమెదడు ఎదగదు. అలాంటి బిడ్డ తల్లి ముందు నిలబడి దోపిడీ అనే మాట నేను అనలేను. ఆ తల్లిని అడ్డం పెట్టుకుని ఎలుక లెక్క కొట్టేయడమూ నావల్ల కాదు. తెలిసింది కారణమేగాని మందు కాదు కదా.

అందుకే నేను దీన్ని అప్పు అంటాను, అడక్కుండా తెచ్చుకున్న అప్పు. ఇచ్చినవాడు లేడు కనుక తీర్చే దారి లేదు. అయినా అప్పున్న ఇంట్లో ఖర్చు ఎలా ఉండాలో మన పెద్దవాళ్లకు తెలుసు. సీసా మీది చీటీని నమ్మి, పరీక్షించని యాంటీబాడీతో నెలల తరబడి పని చేసి, చివరికి అది ఇంకేదో ప్రోటీన్‌కు అతుక్కుందని తేలితే, అందులోకి పోయిన ప్రాణాలకు ఎవరు జవాబుదారీ? రీలిన్ లేని మెదడు ముక్క మీద కూడా రంగు వస్తే ఆ సాక్ష్యం అబద్ధమని ముందే తెలిసేది. యాంటీబాడీలను వాటి నిర్మాణ క్రమంతోనే గుర్తించాలని 2015లో నేచర్ పత్రికలో చాలామంది శాస్త్రవేత్తలు కలిసి కోరారు. క్రమం తెలిస్తే కణాల్లోనే తయారుచేసుకోవచ్చు, కొత్తగా ఎలుకకు సూది గుచ్చనక్కరలేదు. అయితే అలా చేసిన దాన్నయినా సరిచూడటానికి తూలే ఎలుక మెదడు ముక్క ఒకటి కావాలి. ఆ పెంపకం ఇంకా సాగుతూనే ఉంది.