మజిలీ నిర్ణయించేదెవరు?

కాలినడకన దూరప్రయాణం చేసేవారికి జ్వరమూ వానా కొత్త సంగతులు కావు. నడిచే మనిషి ఏదో ఒకనాడు కాళ్లాడకనో, వాగు దాటరాకనో దారిలో ఆగిపోతాడు. ఇంతవరకు ఇందులో తాత్విక సమస్య ఏదీ లేనట్లే కనబడుతుంది. కాని ఆగిపోయినవాడిని గురించి మనం ఏమనుకుంటాము? ఆగడం ఓటమా, వివేకమా? ఆగిన రోజుల ఖర్చు ఎవరి మీద పడుతుంది? ఈ ప్రశ్నలు వేసుకున్న మరుక్షణం నడక సంగతి ఆరోగ్యశాస్త్రాన్ని దాటి నీతిశాస్త్రంలోకి వస్తుంది. ఇక్కడ పరిశీలించదలచింది దాన్నే.

ఒక ప్రసిద్ధమైన ఉదాహరణతో ప్రారంభిద్దాము. అమెరికా తూర్పు భాగాన అపలాచియన్ కొండల వెంట ఒక కాలిబాట ఉంది. అది జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై, పద్నాలుగు రాష్ట్రాల గుండా సాగి, మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం మీద ముగుస్తుంది. పొడవు దాదాపు 3,500 కిలోమీటర్లు. ఒకే ఏడాదిలో దానిని ఈ కొసనుంచి ఆ కొసకు నడవదలచినవారిలో ఎక్కువమంది వసంతంలో దక్షిణాన బయలుదేరుతారు. అయిదు నుంచి ఏడు నెలలు పడుతుంది. అక్టోబరు నడిమికల్లా ఉత్తరాన చలి ముదురుతుంది, శిఖరం ఎక్కడం కష్టమవుతుంది. అందుచేత దారిలో జ్వరంతో మూడు రోజులు పడుకున్నవాడు ఆ మూడు రోజులనూ తర్వాత ఎక్కడో తీర్చుకోవలసి ఉంటుంది. బయలుదేరినవారిలో సుమారు నాలుగో వంతు మంది మాత్రమే చివరిదాకా చేరుతారని ఆ బాట బాగోగులు చూసే సంస్థ చెబుతుంది.

ఇట్లా ఆగిపోయినవారిని గురించి రెండు రకాల అభిప్రాయాలు వినబడుతుంటాయి. సంకల్పబలం ఉన్నవాడికి జ్వరమూ తుఫానూ అడ్డు కావనీ, ఆగినవాడిలో ఆ బలం లోపించిందనీ మొదటి వాదం. ప్రకృతి ముందు మనిషి ఎంతటివాడనీ, అది ఆగమంటే ఆగడమే జ్ఞానమనీ రెండవ వాదం. పైకి ఇవి పరస్పర విరుద్ధాలు. కాని రెండింటిలోనూ ఒక సామాన్య దోషం ఉంది. మనిషిని ఒంటరిగా నిలబెట్టి, అతనికి ఎదురుగా ప్రకృతిని నిలబెట్టి, తతిమ్మా సంఘాన్నంతా రంగం మీదినుంచి తప్పించివేయడమే ఆ దోషం.

ఎమ్మా గేట్‌వుడ్ అనే ఒహాయో వృద్ధురాలి కథను చూడండి. ఆమె పదకొండుమంది బిడ్డల తల్లి. 1954లో ఈ బాట నడవాలని ఉత్తరం కొసన మొదలుపెట్టింది. దారి తప్పింది, కళ్లద్దాలు పగిలాయి. అటవీ సిబ్బంది ఆమెను కనుక్కుని ఇంటికి పొమ్మన్నారు. ఆమె వెళ్లింది. మరుసటి ఏడాది, 67 ఏళ్ల వయసులో, మే 3న జార్జియాలో మళ్లీ బయలుదేరింది. కాళ్లకు గుడ్డ బూట్లు, భుజాన స్వయంగా కుట్టుకున్న సంచి. ఆ ఆగస్టులో ‘కోనీ’, ‘డయాన్’ అనే రెండు తుఫానులు వెంటవెంటనే వచ్చి ఈశాన్య రాష్ట్రాలను వరదల్లో ముంచాయి. పొంగిపొరలుతున్న ఒక వాగును ఆమె ఇద్దరు యువ నావికుల సాయంతో దాటింది. సెప్టెంబరు 25న కటాడిన్ చేరింది. ఒకే ఏడాదిలో ఒంటరిగా ఆ బాటను పూర్తిచేసిన మొదటి స్త్రీ ఆమే.

ఈ కథను సంకల్పబలానికి దృష్టాంతంగా చెప్పడం పరిపాటి. ఆమెకు సంకల్పం లేదనడం నా ఉద్దేశం కాదు. కాని 1954లో వెనుదిరిగిన ఆమెకూ 1955లో శిఖరమెక్కిన ఆమెకూ సంకల్పంలో భేదమేమిటి? వెనుకటి ఏడాది ఇంటికి వెళ్లగలిగింది కనుకనే మరుసటి ఏడాది మళ్లీ రాగలిగింది. వాగు దగ్గర ఇద్దరు మనుషులు ఎదురయ్యారు కనుకనే దాటగలిగింది. ఒంటరి నడక అనుకునేదానిలో కూడా ఇతరుల చేతులు ఎన్ని ఉంటాయో ఈ కథ చెబుతుంది. మనం మాత్రం శిఖరాన్ని జ్ఞాపకం పెట్టుకుని చేతులను మరచిపోతాము.

అనివార్యతను గ్రహించడమే స్వేచ్ఛ అన్న హెగెల్ భావాన్ని ఎంగెల్స్ ‘యాంటీ డ్యూరింగ్’లో స్వీకరించి విస్తరించాడు. ప్రకృతి నియమాలనుంచి తప్పించుకోవడం స్వేచ్ఛ కాదు. వాటిని తెలుసుకుని, ఆ తెలివిడితో మన ప్రయోజనాలకు వాటిని వినియోగించుకోగలగడమే స్వేచ్ఛ. మనలో చాలామంది ఈ సూత్రంలోని మొదటి సగం దగ్గరే ఆగిపోతారు. తెలుసుకుంటే చాలుననుకుంటారు. ఒళ్లు కాలిపోతున్న మోతకూలీకి విశ్రాంతి కావాలని ఎవరూ బోధించనక్కరలేదు. అతనికి అనివార్యత మన కంటె బాగా తెలుసు. అతనికి లేనిది తెలివిడి కాదు, ఆ తెలివిడి ప్రకారం నడుచుకోవడానికి కావలసిన సాధనం. పడుకోవడానికి కప్పు, ఆ రోజుకు తిండి, లేచేసరికి పని పోదన్న భరోసా, ఇవే ఆ సాధనాలు. ఇవి ఉన్నవాడు ఆగితే దాన్ని వివేకమంటాము. లేనివాడు ఆగితే సోమరితనమంటాము. ఆగకుండా నడిచి కూలిపోతే మూర్ఖత్వమంటాము!

నిజానికి ఈ బాటను మొదట ఊహించిన బెంటన్ మకాయ్‌కి ఈ సంగతి తెలియనిది కాదు. 1921లో అతను ప్రచురించిన ప్రణాళికలో కాలిబాట ఒక భాగం మాత్రమే. దానిని ఆనుకుని విడుదులు, సమష్టి శిబిరాలు, వ్యవసాయ శిబిరాలు వెలియాలనీ, పట్టణాల్లో శ్రమించి అలసినవారికి అవి ఆలంబనం కావాలనీ అతని ఆశయం. విశ్రాంతిని అతను శ్రమకు సంబంధించిన సమస్యగా చూశాడు. 1937 నాటికి బాట పూర్తయింది. దారి పొడుగునా రాత్రి తలదాచుకోవడానికి విడుదులు ఏర్పడ్డాయి. సమష్టి శిబిరాలు మాత్రం కాగితం మీదనే ఉండిపోయాయి. నడవడానికి దారి దొరికింది గాని, నడవడానికీ ఆగడానికీ కావలసిన తీరిక అందరికీ దొరకలేదు. జబ్బుపడిన ఉద్యోగికి జీతంతో సెలవు ఇచ్చి తీరాలనే జాతీయ చట్టం ఆ సంపన్న దేశంలో సర్వులకూ వర్తించే విధంగా నేటికీ లేదు. 1993 నాటి చట్టం అర్హులైనవారికి 12 వారాల దాకా సెలవు ఇస్తుంది గాని జీతం ఇప్పించదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం సొంతంగా చట్టాలు చేసుకున్నాయి. ఇక ఆరు నెలల నడకకు పోగలిగేది ఎవరు? ఎక్కువగా చదువు ముగించి ఉద్యోగంలో చేరనివారు, ఒక ఉద్యోగం మాని మరొకదానిలో చేరబోయేవారు, పదవీ విరమణ చేసినవారు.

ఆగడం హక్కు మాత్రమే కాదు, కొన్ని సమయాల్లో కర్తవ్యం కూడా. ఆ బాట మీది విడుదుల్లో అపరిచితులు పక్కపక్కన పడుకుంటారు. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ అక్కడ అప్పుడప్పుడు ఒకరినుంచి ఒకరికి పాకుతూ ఉంటుంది. రోగాన్ని దాచిపెట్టి ముందుకు సాగే ధీరుడు తన సంకల్పానికి మూల్యాన్ని పక్కవాడి కడుపుచేత చెల్లిస్తాడు. 2020 మార్చిలో కోవిడ్ వ్యాపించినప్పుడు, బాట బాగోగులు చూసే సంస్థ నడకను మానుకొమ్మని అందరినీ కోరింది. ఎంతోకాలంగా కూడబెట్టుకుని బయలుదేరినవారు కూడా అనేకులు వెనుదిరిగి ఇళ్లకు పోయారు. వారి నిరాశ చిన్నదని నేననను. పోవడానికి ఇల్లు ఉన్నదని మాత్రం అంటాను.

సరిగ్గా ఆ నెలలోనే మన దేశంలో మరొక దూరప్రయాణం మొదలయింది. మార్చి 24 రాత్రి నాలుగు గంటల వ్యవధి మాత్రమే ఇచ్చి 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. పని ఆగింది, కూలి ఆగింది, రైళ్లూ బస్సులూ ఆగాయి. లక్షలాది వలస కార్మికులు మాత్రం ఆగలేకపోయారు. వందల కిలోమీటర్ల దూరంలోని ఊళ్లకు ఎండలో, పసిపిల్లలను ఎత్తుకుని నడిచారు. తెలంగాణ మిరపతోటలనుంచి బయలుదేరినవారిలో ఇల్లు చేరకుండానే కన్నుమూసిన బాలిక కూడా ఉంది. సరదాగా నడిచేవారికి ఆగి ఇంటికి పొమ్మని హితవు చెప్పగల రోజుల్లోనే, ఇంట్లో ఉండవలసినవారు నడిచి చావవలసి వచ్చింది. అక్కడ ఆగినవారూ ఇక్కడ నడిచినవారూ తప్పించుకోజూసిన వ్యాధి ఒక్కటే. కనుక భేదం ప్రకృతిలో లేదు.

దేశాల మధ్యనే కాదు, ఒకే దారిన ఒకే గుంపుగా సాగేవారి మధ్య కూడా ఈ భేదం ఉంటుంది. తెలుగు సాహిత్యం చదువుకున్న మనకు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర తెలిసిందే. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిన ఆ ప్రయాణం గురించి ఆయన రాసిన విషయాలు మన చరిత్రకు గొప్ప ఆధారాలు. నా విద్యార్థులకు ఆ పుస్తకం చెబుతూ ‘మజిలీ’ అనే మాట దగ్గర ఎప్పుడూ కాసేపు ఆగుతాను. పల్లకిలో కూర్చున్నవాడు మజిలీ నిర్ణయిస్తాడు. బోయీ ఆ నిర్ణయాన్ని కూడా పల్లకితోబాటు మోస్తాడు. వీరాస్వామయ్య దయాళువా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. బోయీకి జ్వరం వస్తే ఆగేదీ లేనిదీ యజమాని దయ మీద ఆధారపడినంతకాలం, ఆగడం బోయీకి హక్కు కాదు.

ఇదంతా పుస్తకాల్లోంచి తెలిసిన సంగతి కాదు. కొన్నేళ్ల కిందట దసరా సెలవుల్లో మేము నలుగురు అధ్యాపకులం విశాఖ మన్యంలో అయిదు రోజుల నడకకు పోయాము. బియ్యం, వంటపాత్రలు మోయడానికీ దారి చూపడానికీ ఒక గిరిజన యువకుణ్ణి రోజుకూలికి కుదుర్చుకున్నాము. రెండవనాటి సాయంత్రం వాయుగుండం వాన పట్టుకుంది. ఆ రాత్రే నాకు చలిజ్వరం వచ్చింది. ఒక పల్లెలో బడి వరండాలో మూడు రోజులు పడి ఉన్నాము. ఆ యువకుడే వానలో తడుస్తూ పక్క ఊరికి పోయి ఆశా కార్యకర్తను వెంటబెట్టుకు వచ్చాడు. రక్తం చూసి మలేరియా అన్నారు. మాత్రలు పడ్డాయి, జ్వరం దిగింది. మిత్రులు నన్ను వదిలి ముందుకు పోలేదు. ఆ మూడు రోజులూ మేము ప్రకృతిని గురించీ మానవ ప్రయత్నాన్ని గురించీ చాలా గంభీరంగా మాట్లాడుకున్నాము.

తిరిగి రోడ్డెక్కాక లెక్క చూసిన మిత్రుడు నడిచిన రోజులకే కూలి కట్టాడు. “నడవని రోజులకు కూలి ఏమిటి?” అన్నాడు. ఆ యువకుడు “సరే సార్” అని తీసుకున్నాడు. ఇంటి దగ్గర చోడి కోత ఉందని అతను మొదటిరోజే చెప్పి ఉన్నాడు. మాకోసం ఆగి అటు కోత, ఇటు కూలి రెండూ పోగొట్టుకున్నాడు. ఆ మూడు రోజులకూ నాకు ప్రభుత్వ జీతం వచ్చింది. లెక్క చూసిన మిత్రుడికి రాలేదు. అతను అతిథి అధ్యాపకుడు, చెప్పిన పాఠానికి గంటల లెక్కన డబ్బు, సెలవులకు ఏమీ లేదు. తనకు కాలేజీలో వేసే లెక్కనే అతను ఆ యువకుడికి వేశాడు. దానిలో అన్యాయం అతనికి కనబడలేదు, అలవాటైపోయింది గనుక. నాకు కనబడింది. కనబడీ ఊరుకున్నాను. బస్సు వచ్చింది, ఎక్కాము.

ఇప్పుడొక ఆక్షేపణ రావచ్చు. కూలి లేక నడిచి చచ్చేవారున్న లోకంలో సరదా నడకలూ, వాటి ఆలస్యాలూ చర్చించదగినవేనా? విశ్రాంతి కలవారి విలాసం కాదా? ఈ వాదంలో బలం లేకపోలేదు. కాని దానిని చివరిదాకా సాగదీస్తే, కొందరికి లేనిదాన్ని అందరూ మానుకోవడమే నీతి అవుతుంది. అది సన్యాసుల నీతి. జ్వరం వస్తే పడుకోగలగడం, వాన వెలిసేదాకా కూర్చోగలగడం మానవుడికి ఉండవలసిన కనీస స్వేచ్ఛలు. 1948 నాటి చట్టంతో మొదలైన ఉద్యోగుల రాజ్య బీమా మన దేశంలో సంఘటిత రంగ కార్మికులలో కొందరికి జబ్బు రోజుల్లో వేతనంలో కొంత ఇప్పించింది. పొలం కూలీ, మోతకూలీ దాని బయటనే ఉండిపోయారు. ఉన్న హక్కును సిగ్గుపడి వదులుకోవడం వల్ల వారికి ఒరిగేదేమీ లేదు. దాన్ని వారిదాకా తీసుకుపోవడమే చేయవలసిన పని. ఒక గుంపు నీతిని కొలవడానికి నాకు తెలిసిన కొలత ఒక్కటే: ఆగినప్పుడు నష్టం ఎవరికి వచ్చింది, దాన్ని ఎందరు పంచుకున్నారు?

మరుసటి ఏడాది చలికాలంలో అదే దారిన నడవడానికి మళ్లీ పోయాము. ఆ యువకుణ్ణి వెతికి పట్టుకుని ఆ మూడు రోజుల కూలి చేతిలో పెట్టాను. ఏదో భారం దించుకున్నట్లు నాకు హాయిగా ఉంది. అతను లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్నాడు. నేను ఊహించుకున్న కృతజ్ఞత ఏదీ అతని ముఖంలో కనబడలేదు. మూటలు చూసి, ఆకాశం వంక ఒకసారి చూసి, “ఈసారి వానొస్తే ఎట్లా సార్?” అని అడిగాడు.

నేనిచ్చింది పాత బాకీ. అతను అడిగింది రాబోయే రోజుల షరతు. ఆగిన రోజుకూ నడిచిన రోజుకూ ఒకటే కూలి అనీ, అతనికి ఒంట్లో బాగులేకపోయినా అంతే అనీ నలుగురమూ ఒప్పుకుని, ఆ తర్వాతే మూటలు ఎత్తాము.