దాంపత్యశోభ

వధూవరులను జూచినవెంటనే "ఈడుజోడు కుదిరినది" యని మెచ్చుకొనుట లోకమున పరిపాటి. ఆ మెప్పునకు మూలమేమి? ఎత్తు, మేనిచాయ, కనుముక్కుతీరు, నగలు, పట్టుబట్టలు, ఇవియే సాధారణముగా గణనకు వచ్చుచున్నవి. హైదరాబాదునకు ఆగ్నేయముననున్న మా అల్మాస్‌గూడయందు సైతము పెండ్లిమాటలలో పిల్ల రంగెట్టిదను ప్రశ్న పలుమాఱు వినబడుచుండును. దాని యుత్తరమునుబట్టి విద్యావతియైన కన్య నిరాకరింపబడుట గలదు. ఆ "లోపము"ను బూరించుటకు కట్నము హెచ్చించుటయు గలదు. 1961వ సంవత్సరపు శాసనము కట్నమును నిషేధించినను బేరము మానలేదు. కావున దాంపత్యశోభ యెందున్నదను విచారము వట్టి వినోదము గాదు. కన్యల గౌరవము దానిపై నాధారపడియున్నది.

రూపము వ్యర్థమని మేము చెప్పము. సౌందర్యమును సృజించినవాడు పరమేశ్వరుడే. కాని రూపము ఒక్కొక్క వ్యక్తికి జెందినది. దాంపత్యము ఇరువురి సంబంధము. ఇద్దరు సుందరులను ప్రక్కప్రక్కన నిలిపినంతమాత్రమున వారి సంబంధము సుందరము గానేరదు. భర్త నోరు విప్పగానే భార్య భయముతో తలవంచుకొనెడి జంట యెంత యలంకరింపబడినను, చూచువారి మనస్సు నొచ్చును. ఒకరి సన్నిధిని వేఱొకరి బుద్ధియు ధైర్యమును వికసించునెడల నెఱసిన తలలకును శోభ కలుగును.

ఇందులకు మన యాంధ్రదేశమునందే నిదర్శనము గలదు. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తమ ప్రథమ వితంతువివాహమును జరిపించిరి. బంధుజనము దూరమైరి, వంటవారును నీళ్లు తెచ్చువారును రామనిరి. అప్పుడు వారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసి, వంటచేసి, వచ్చినవారికి భోజనము పెట్టిరి. కడవ మోసిన యా భుజము ఏ యాభరణమునకు దీసిపోవును?

భార్య చాకిరిని శోభయని పొగడుట పాత దాస్యమునే మరల కీర్తించుట గాదా యని కొంద ఱాక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. ఆ దంపతులకు బాల్యముననే పెండ్లియైనది. ఎన్నుకొను స్వేచ్ఛ వారికి లేకుండెను. కనుక వారి శోభ పెండ్లిపీటలమీద బుట్టినది గాదు, చాకిరియందును లేదు. అనాథలైన బాలవితంతువులకొఱకు ఇరువురును సంఘనిందను సమముగా సహించుటలో నున్నది. ఒకరిచేతనే మోయించిన భారము దాస్యము. ఇరువురు నెఱిగి పూనిన భారము దాంపత్యము.

కేశవచంద్రసేనుడు మొదలైన బ్రాహ్మసామాజికుల ప్రయత్నమున 1872లో వెలువడిన వివాహశాసనమును, దాని స్థానమున 1954లో వచ్చిన ప్రత్యేక వివాహశాసనమును వధూవరుల వయస్సును విచారించినవి, వారి చేవ్రాలును కోరినవి, మేనిచాయ నడుగలేదు. శాసనమున కక్కఱలేని చాయ మనకేల? అయినను శాసనము సమ్మతిని దెలుపజేయగలదు గాని యాదరమును బుట్టింపజాలదు. అది గృహమున ననుదినము సాధింపవలసినది.

కావున సోదరసోదరీమణులారా, సంబంధము విచారించునపుడు రెండే ప్రశ్నలు వేయుడు. వీరు తమ భిన్నాభిప్రాయములను ఒకరితో నొకరు నిర్భయముగా జెప్పుకొనగలరా? పరుల కష్టమునకు గలిసి చేయూత నీయగలరా? అవునను జవాబు వచ్చినచోట అద్దముతో బనిలేదు. అట్టి గృహములను సర్వేశ్వరుడు మన దేశమున వృద్ధిపొందించుగాక.