అర్పితమైనదే ఆహారము



డోర్నకల్ పెద్ద ఊరు కాకపోయినను పెద్ద కూడలి. కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుమార్గములో భద్రాచలం రోడ్డు శాఖ చీలునది ఇచ్చటనే. బండి మారువారు ఇచ్చట దిగి సద్దిమూట విప్పుదురు. ప్రక్కన కూర్చున్నవాడు తన గిన్నెలోని కోడికూర కొంత తీసికొనుమని ఆదరముతో అందించును. లింగాయతు కుటుంబమువారు చేయి అడ్డుపెట్టి, "మేము తినమండి" అందురు. "ఎందుకు తినరు?" అని అతడడుగును. అందులో హేళన లేదు, తెలిసికొనవలెనను కోరికయే కలదు. దానికి సాధారణముగా వచ్చు జవాబు ఒక్కటే: "మా ఇండ్లలో అలవాటు లేదు."

ఇది అబద్ధము కాదు. కాని కారణమును కాదు. అలవాటుపై నిలిచినది అలవాటు చెదరగానే పడిపోవును. చదువు కొరకు హనుమకొండకో హైదరాబాదుకో పోయి వసతిగృహమున చేరిన పిల్లవాడు ఇంటి ఆచారము విడిచినాడని తల్లిదండ్రులు గురువుల యెదుట దుఃఖించుట కలదు. వారి దుఃఖము నిజమైనదే. అయితే ఆ పిల్లవానికి ఇంటిలో ఎవరైనను కారణము చెప్పియుండిరా? "తప్పు, తినరాదు" అని మాత్రము చెప్పియుందురు. ఎందుకు తప్పో చెప్పియుండరు, ఏలయనగా వారికిని ఎవరును చెప్పలేదు.

మహాత్మాగాంధి జీవితమున ఈ భేదము స్పష్టముగా కనిపించును. వారు శాకాహార వైష్ణవ కుటుంబమున జన్మించియు బాల్యమున స్నేహితుని ప్రోద్బలముతో రహస్యముగా మాంసము తినిరి. తల్లిదండ్రులతో అబద్ధమాడవలసి వచ్చుట సహింపలేక మానిరి. 1888లో లండనుకు పోవుచు తల్లికి ప్రమాణము చేసి, ఆ మాటకు కట్టుబడి అచ్చట చప్పిడి తిండితో అర్ధాకలిగా దినములు గడపిరి. అంతవరకు అది తల్లి ఆచారము, తల్లికిచ్చిన మాట. హెన్రీ సాల్ట్ అను ఆంగ్ల రచయిత వ్రాసిన చిన్న పుస్తకము చదివిన పిమ్మటనే అది వారి స్వంత నిశ్చయమైనది. 1931 నవంబరు 20న అదే లండనులో శాకాహార సంఘము వారి సభలో మాటలాడుచు, ఆరోగ్యము కొరకు మాత్రమే మాంసము విడిచినవారిలో పెక్కురు తిరిగి దానినే ఆశ్రయించుచున్నారనియు, ఈ వ్రతము నిలువవలెనన్న నైతికమైన ఆధారము కావలెననియు చెప్పిరి. అనుభవము చూచిన మాట అది. ఒక వైద్యుడు వలదన్నందున మానినవాడు మరియొక వైద్యుడు తినుమన్నచో తినును.

వీరశైవునకు ఆ ఆధారము ఎచ్చట కలదు? దూరము పోనక్కరలేదు, అది అతని అరచేతిలోనే కలదు. గురువు కరుణించి యిచ్చిన ఇష్టలింగమునకు అర్పింపక అతడేమియు భుజింపడు. అష్టావరణములలో ప్రసాదము ఒకటి. అర్పించినది ప్రసాదము, అర్పింపనిది వట్టి తిండి. కావున "ఇది తినవచ్చునా?" అను ప్రశ్న అతనికి మొదటి ప్రశ్న కాదు. "దీనిని నా చేతిలోని లింగము ముందు ఉంచగలనా?" అనునదే మొదటిది. ప్రాణిలో వెలుగు చైతన్యము శివుడే అని నమ్మినవాడు ఆ ప్రాణిని చంపి ఆ శివునికే అర్పించుట ఎట్లు? ఈ ఒక్క ప్రశ్నను పదియేండ్ల బాలుడైనను గ్రహింపగలడు. వానికి పెద్ద గ్రంథములు చదివి వినిపింపనక్కరలేదు. ప్రతిదినము పూజవేళ అన్నపు పళ్లెరము లింగము ముందు ఉంచుట వాడు కన్నులార చూచినచో చాలును. పూజ నిలిచిపోయిన ఇంట శాకాహారము మాత్రము మిగిలియున్నచో, అది దేవుడు లేని గుడివంటిది. దానిని పిల్లవాడు కాపాడలేదని నిందించుట న్యాయము కాదు.

దయ లేని ధర్మమును బసవేశ్వరుడు ధర్మముగా అంగీకరింపలేదు. మ్రొక్కుబడికి తెచ్చిన గొఱ్ఱె తనకు జరుగబోవునది తెలియక తోరణపు పచ్చియాకును నమలుటను చూచి ఆయన వచనము చెప్పినాడు. ఈ దృశ్యము మన పల్లెలలో జాతరనాడు ఇప్పటికిని కనిపించునదే. ఆ వచనకర్త కన్ను దేవత విగ్రహముపై గాక ఆ మూగజీవము నోటిపై నిలిచినది. కొత్తకొండ వీరభద్రస్వామి జాతరలో భక్తులు గుమ్మడికాయలు సమర్పించు ఆచారము కలదు. ఉగ్రమూర్తియైన వీరభద్రునికే గుమ్మడికాయ చాలినపుడు మరెవరికి చాలదు?

ఇచ్చట కొందరు కన్నప్పను ముందుకు తెత్తురు. "కాళహస్తిలో శివుడు కన్నప్ప పెట్టిన మాంసము తినలేదా? పాలకుర్తి సోమనాథుడు తన బసవపురాణమున ఆ కథ చెప్పలేదా?" అందురు. చెప్పినాడు, దాచలేదు. జనగామ ప్రాంతపు పాలకుర్తి పేరు తన పేరుగా ధరించిన ఆ మహాకవి భక్తుని కులమునుగాని తిండినిగాని చూచి భక్తిని కొలువలేదు. అయితే ఆ కథను సగము మాత్రమే చెప్పుకొనుట తగదు. కన్నప్ప తనకు తెలిసినవానిలో ఉత్తమమైనదానిని రుచి చూచి శివునికి పెట్టినాడు. పిమ్మట తన కన్ను పెకలించి యిచ్చినాడు, రెండవదానికిని సిద్ధపడినాడు. నాలుక కొరకు కన్నప్ప పేరు చెప్పువారు కంటి మాట వచ్చునప్పటికి కథ ముగించుచున్నారు.

కన్నప్ప కథ వలన శాకాహారులు నేర్చుకొనవలసినది మరియొకటి కలదు. అది వారికి కొంచెము కటువుగా ఉండును. మాంసము తిననంత మాత్రమున తినువానికంటె తాను గొప్పవాడననుకొనుట శరణమార్గము కాదు. మాదార చెన్నయ్య ఇంటి అంబలిని శివుడు ఆరగించెనని అదే పురాణము చెప్పుచున్నది. ఆ కథ విని కన్నీరు కార్చి, ఇంటికి పోయి పనివానికి వేరు గ్లాసు పెట్టువాని శాకాహారము ఎవరిపై దయ? మేకపై జాలి, మనిషిపై ఏవగింపు ఒక్క హృదయమున ఇముడునవి కావు.

అంటరానివారని సంఘము వెలివేసినవారి నడుమనుండియే జీవదయను బోధించిన మహనీయుడు హైదరాబాదున ఉండెను. భాగ్యరెడ్డి వర్మ (1888–1939) 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, హరికథల ద్వారా తనవారిని మేల్కొలిపినాడు. జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలితో కలసి, దేవతల పేరిట జంతువులను బలియిచ్చుట మానుడని బోధించినాడు. ఆయనకు ఈ ఆచారము తాతముత్తాతల నుండి రాలేదు, అగ్రహారము నుండి రాలేదు. తనవారి బాగు కోరి ఆలోచించి ఎంచుకొన్నది. పుట్టుకతో శాకాహారులైనవారు ఆ ఎంపిక ముందు తలవంచవలెను. శరణులలోను నానాకులములనుండి వచ్చి లింగము ధరించిన పిమ్మట పూర్వపు తిండి విడిచినవారు కలరు. నేటి లింగాయతు కుటుంబములలో ఎవరి మూలపురుషుడు అట్టివాడో ఎవరికి తెలియును?

పళ్లెరములో మాంసము లేకపోయినను అన్నము శుద్ధమైనదని చెప్పుటకు వీలులేదు. కల్యాణమున మారయ్య అను శరణుడు రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చుట కాయకముగా చేసికొన్నాడు. ఒకనాడు రోజుకంటె ఎక్కువ తెచ్చినాడు. భార్య లక్కమ్మ ఆ బియ్యము వండలేదు. ఈ ఆశ మనకెందుకని, ఎక్కువ తెచ్చినదానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మన్నది. తూకములో మోసము చేసి కొన్న పప్పు, కూలి ఎగగొట్టి పండించిన బియ్యము లక్కమ్మ వంటింట పొయ్యి ఎక్కవు.

మరి రైలుస్థానమున ఆదరముతో కూర అందించినవానికి ఏమి చెప్పవలెను? "ఇది లింగమునకు అర్పింపలేము, అందుచేత తినము" అని నిజము చెప్పవలెను. ముక్కు మూసికొని జరిగి కూర్చుండరాదు. అతని వద్ద అరటిపండున్నచో అడిగి తీసికొని, తన సద్దిలోని రొట్టె అతనికి ఈయవలెను.

తిండి విషయమున బసవేశ్వరుడే ఒకసారి తొట్రుపడినట్లు శరణులు కథ చెప్పుదురు. కిన్నర బ్రహ్మయ్య ఇంట ఉల్లిగడ్డలు చూచి, వాని వాసన బాగుండలేదని ఆయన నోరుజారినాడట. బ్రహ్మయ్య నొచ్చుకొని కల్యాణము విడిచిపోయినాడు. మహామంత్రియైన బసవన్న తన మాటను సమర్థించుకొనలేదు. ఉల్లిగడ్డకు ఉత్సవము చేసి, శరణులందరికి దానితోనే విందు పెట్టి, బ్రహ్మయ్యను బ్రతిమాలి వెనుకకు పిలుచుకొని వచ్చినాడు.