ఇక్కడిదాకే కదా

లదాఖ్ ట్రిప్‌కి బయల్దేరే కుర్రాళ్లు సామాను సర్దుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది. భుజాలకీ మోచేతులకీ ప్యాడ్లున్న జాకెట్, మోకాళ్లకి గార్డులు, చీలమండ దాటే బూట్లు, రెండు జతల గ్లవ్స్. అదే కుర్రాడు ఆదివారం పొద్దున పాల ప్యాకెట్ కోసం బండి తీస్తే షార్ట్స్, హవాయి చెప్పులు. హెల్మెట్ అద్దానికి వేలాడుతుంటుంది. అడిగితే "ఇక్కడిదాకే కదా" అంటాడు.

మనందరం అనే మాటే. వినడానికి లెక్క తెలిసిన మాటలా ఉంటుంది: చిన్న ప్రయాణానికి చిన్న జాగ్రత్త. కానీ ఈ లెక్కలో మనం కొలుస్తున్నది ప్రమాదాన్నేనా అని నాకు అనుమానం.

గేర్‌లో తేడాలు ఉండాల్సిందే. రేస్ ట్రాక్ మీద పడ్డవాడు చాలా దూరం జారుకుంటూ పోతాడు, అందుకే ఒంటిని పట్టి ఉండే తోలు సూట్ వేసుకుంటాడు. మోటోజీపీలో అయితే 2018 నుంచి అందులో ఎయిర్‌బ్యాగ్ కూడా తప్పనిసరి. మట్టిదారుల్లో వేగం తక్కువ, పడటాలు ఎక్కువ, రాళ్లు ఎక్కువ. అక్కడ ఛాతీకి కవచం, గట్టి బూట్లు, గాలి బాగా ఆడే హెల్మెట్, గాగుల్స్ కావాలి. హైవే మీద రోజంతా నడిపేవాడు వానకీ, ఎదురుగాలికీ, అలసటకీ కూడా సిద్ధపడాలి. ఊళ్లో తిరిగేవాడికి ఎండ పెద్ద సమస్య కాబట్టి గాలి దూరే మెష్ జాకెట్, పాదం మొత్తం కప్పే బూట్లు. గ్లవ్స్ మాత్రం అందరికీ కావాలి, పడేటప్పుడు మనకి తెలియకుండానే ముందు అరచేతులు చాస్తాం. వీటన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే: ఇక్కడ పడితే ఎలా పడతాను? అడగడానికి అశుభంలా ఉంటుంది. అందుకని దాని బదులు ఇంకోటి అడుగుతాం: ఈ ప్రయాణం ఎంత పెద్దది?

తల విషయంలో మాత్రం ప్రయాణం ఎంత పెద్దదన్నదానితో పనే లేదు. బండి మీద కూర్చున్న మనిషి తల నేలకి సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కణ్ణుంచి అడ్డేమీ లేకుండా పడితే నేలని తాకేసరికి దాని వేగం గంటకి దాదాపు 20 కిలోమీటర్లు. బండి ఆగి ఉన్నా అంతే. యూరప్‌లో ఏళ్లపాటు అమల్లో ఉన్న ఈసీఈ 22.05 ప్రమాణం ప్రకారం హెల్మెట్‌ని ఉక్కు దిమ్మె మీద పడేసే వేగం సెకనుకి 7.5 మీటర్లు, అంటే గంటకి 27 కిలోమీటర్లు. లోపలి థర్మాకోల్ నలిగిపోయి ఆ దెబ్బని తను తీసుకుంటుంది, ఒక్కసారికే. మనం లేహ్ వెళ్తున్నామా, కిరాణా కొట్టుకి వెళ్తున్నామా అన్నది దానికి అనవసరం.

"నా తల, నా ఇష్టం" అనేవాళ్లని తేలిగ్గా కొట్టిపారేయలేం. కేవలం అతని మంచి కోసమని ఒక మనిషిని బలవంతపెట్టే హక్కు సమాజానికి లేదని 1859లోనే జాన్ స్టువర్ట్ మిల్ వాదించాడు. ఆ వాదనలో ఇప్పటికీ బలముంది. కాకపోతే అది బండి మీద ఒక్కడే ఉన్నప్పుడు నిలబడే వాదన. మన బండి మీద ఒక్కడే ఉండటం ఎంతసేపు?

వెనక సీటు చూడండి. బండికి ఎడమపక్క ఇనుప జాలీ ఉంటుంది, సారీ గార్డ్. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా రక్షణ ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతుంది. వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ ఉండాలని చట్టంలో 129వ సెక్షన్ కూడా చెబుతుంది. నాలుగేళ్లలోపు పిల్లలకి హెల్మెట్, నడిపేవాళ్లకి కట్టే బెల్టు కావాలనీ, వేగం 40 దాటకూడదనీ 2022లో ఇంకో నిబంధన వచ్చింది. అయినా చాలా ఇళ్లలో హెల్మెట్ ఒక్కటే. అది హ్యాండిల్ పట్టుకున్నవాడిది. అమ్మ చీరకి రక్షణ బండితోనే వచ్చింది, అమ్మ తల సంగతి మనకి వదిలేశారు, మనం "ఇక్కడిదాకే కదా" అన్నాం.

షాపులో ఈ ప్రశ్న డబ్బు రూపంలో ఎదురవుతుంది. చేతిలో ఉన్నదంతా పెట్టి నాకో ఖరీదైన హెల్మెట్ కొనుక్కోవాలా, లేక ఐఎస్ఐ ముద్ర ఉన్న మామూలువి రెండు కొనాలా? రెండు కొనాలనే నేనంటాను. మంచి దానికీ ఇంకా మంచి దానికీ మధ్య నాకు కలిసొచ్చేది కొంతే. ఉత్త తలకీ మామూలు హెల్మెట్‌కీ మధ్య ఆమెకి కలిసొచ్చేది చాలా ఎక్కువ. నా జాగ్రత్తని నేను ఎంచుకోగలిగినప్పుడు, నన్ను నమ్మి వెనక ఎక్కినవాళ్ల జాగ్రత్తని వాళ్ల అదృష్టానికి వదిలేయడం స్వేచ్ఛ ఎలా అవుతుంది?

వెనక సీటు దాకా ఒప్పుకుంటే, ఇంకొంచెం దూరం కూడా వెళ్లాలి. 1935లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో చనిపోయిన టి.ఇ. లారెన్స్‌కి వైద్యం చేసినవాళ్లలో హ్యూ కెయిన్స్ అనే న్యూరోసర్జన్ ఉన్నాడు. యుద్ధం వచ్చాక, బండ్ల మీద సైన్యానికి సందేశాలు చేరవేసే కుర్రాళ్ల తల గాయాల్ని పరిశీలించి 1941లో ఒక వ్యాసం రాశాడు. ఆ ఏడాది చివర్లోనే బ్రిటిష్ సైన్యం వాళ్లకి హెల్మెట్ తప్పనిసరి చేసింది. మామూలు జనానికి ఆ చట్టం 1973 దాకా రాలేదు. అంటే పరాయి పని మీద రోడ్డెక్కినవాడి తలకి, పంపినవాళ్లు ముందుగా పూచీపడ్డారు.

ఇవాళ మన బిర్యానీ మోసుకొచ్చే కుర్రాడి విషయంలో అది తిరగబడింది. ఒంటిమీద కంపెనీ పేరున్న టీషర్టు, కాళ్లకి చెప్పులు. అతను ఉద్యోగి కాదట, పార్ట్‌నర్ అట. రెండు కిలోమీటర్లు, మూడు కిలోమీటర్లు, మళ్లీ రెండు. విడిగా చూస్తే ప్రతి ట్రిప్పూ "ఇక్కడిదాకే". అన్నీ కలిపితే ఏ వీకెండ్ రైడర్ కన్నా ఎక్కువ రోడ్డు చూసేది అతనే. మే నెల ఎండలో రోజంతా జాకెట్ వేసుకోమని అతనికి చెప్పడం మనకి తేలికే. దాని ఖరీదూ, ఆ ఉక్కపోతా, ఆలస్యమైతే పడే మాటా అతనివి.

ఆ ఖర్చు కంపెనీలు భరించాలని అడగాల్సిందే. ఈలోపు మన చేతిలో ఉన్నది చిన్నదే: మ్యాప్‌లో అతని బండి బొమ్మ సిగ్నల్ దగ్గర ఆగిపోయినప్పుడు, ఎక్కడున్నావని ఫోన్ చేయకుండా ఉండటం.