అరుగు లేని ఇల్లు



మా సంఘములో ఒక వృద్ధురాలు కలదు. పెద్ద కుమారుడు కువైటులో పని చేయుచున్నాడు, చిన్నవాడు హైదరాబాదులో స్థిరపడినాడు. నెల తప్పకుండ ఇద్దరును సొమ్ము పంపుచున్నారు. పాత తాటాకు ఇల్లు తీసివేసి డాబా వేయించినారు. చుట్టు గోడ, గోడకు ఇనుప గేటు, లోపల ఫంకా, టెలివిజను, మందుల డబ్బా, అన్నియు ఉన్నవి. ఆమెకేమి లోటని ఊరంతయు అనుచుండెను. మేమును అట్లే అనుకొంటిమి. పోయిన వేసవిలో ఆమెకు జబ్బు చేసి మూడు దినములు మంచము దిగలేదు. నాలుగవ దినమున పాలు పోయు పిల్ల చెప్పినప్పుడు గాని మాకు తెలియలేదు. ఆమె ఇంటికిని మా ఇంటికిని నడుమ రెండువందల అడుగులైనను లేవు.

ఈ సంగతి మమ్మును చాల దినములు బాధించినది. పాత ఇంట ఇట్లు జరిగియుండదు. ఆ ఇంటికి అరుగు ఉండెడిది. సాయంకాలము నలుగురు ఆడవారు చేటలు తెచ్చుకొని అక్కడ కూర్చుండి, బియ్యములో రాళ్లు ఏరుకొనుచు, కోడండ్ర సంగతులు చెప్పుకొనుచుండెడివారు. (ఆ మాటలన్నియు పరిశుద్ధమైనవని మేము చెప్పజాలము.) ఆమె ఒక్క పూట అరుగుమీద కనబడనియెడల చీకటి పడకముందే ఎవరో ఒకరు లోపలికి తొంగి చూచెడివారు. డాబా కట్టినప్పుడు అరుగు పోయినది. దానిని తీసివేయవలెనని ఎవరును తలంచలేదు. మేస్త్రీ వేసిన ముగ్గులో అది లేదు, అంతే.

మనుష్యునికి సుఖము దేనివలన కలుగునను ప్రశ్న పాతదే. మేము ఆకలి ఎరిగిన ఇంట పుట్టినవారము. సొమ్ము పనికిరానిదని ప్రసంగించుటకు మాకు నోరు రాదు. ఎడారి ఎండలో ఆ కుమారుడు కార్చు చెమట ప్రేమ కాదని ఎవరనగలరు? అయితే సొమ్ము చేయు పని ఒకటి, మనిషి చేయు పని మరియొకటి. రెండవదాని వెల ఎంతయో మనకు లెక్క తెలియదు.

ఆ లెక్క కట్టుటకు పూనుకొన్నవారు లేకపోలేదు. అమెరికా దేశమందు బోస్టను ప్రాంతమున 1938లో కొందరు వైద్యులు ఒక పరిశోధన మొదలుపెట్టిరి. అందులో హార్వర్డు కళాశాల విద్యార్థులు 268 మంది. వేరుగా మొదలైన మరియొక పరిశోధనలోని బీదపేటల బాలురు 456 మందిని తరువాత వీరితో కలిపిరి. మొత్తము 724 మంది. రెండేండ్లకొకసారి వారికి ప్రశ్నలు పంపుచు, రక్తము పరీక్షించుచు, వారి ఇండ్లకు పోయి మాటలాడుచు, ఎనుబది యేండ్లకు పైగా ఆ జీవితములను వెంబడించిరి. మొదలుపెట్టిన వైద్యులు పోయిరి, ఇతరులు వచ్చిరి. దానికి నాలుగవ అధిపతియైన డాక్టరు రాబర్టు వాల్డింగరు 2015లో దాని సారమును లోకమునకు చెప్పెను. ఏబదియవ యేట ఎవరికి తమవారితో తృప్తికరమైన బాంధవ్యము ఉండెనో, వారే ఎనుబదియవ యేట ఎక్కువ ఆరోగ్యవంతులుగా కనబడిరట. రక్తములోని కొవ్వు లెక్క అంతగా ముందు చెప్పలేని సంగతిని ఈ తృప్తి చెప్పగలిగెను. ఆ 724 మంది అందరును తెల్లజాతి పురుషులే. మన ఊరి అమ్మ వారి లెక్కలోనికి రాలేదు. అయినను 2010లో అచ్చయిన వేరొక పరిశీలనలో 148 పరిశోధనలను, మూడు లక్షలకు పైబడిన స్త్రీ పురుషులను కలిపి చూచినప్పుడును ఇట్టి ఫలితమే వచ్చినది. ఇంగ్లండులో 2018లో ఒంటరితనము విషయమై ఒక మంత్రికే పని అప్పగించిరి.

ఇందుకు కారణము మన ఆడవారిని అడిగినను చెప్పుదురు. తోడున్నవానిని డాక్టరునొద్దకు లాగుకొని పోవువారుందురు. మాత్ర వేసికొంటివా అని అడుగువారుందురు. తోడు లేనివాని దేహము లోలోపల ఎల్లప్పుడును కావలి కాయుచున్నట్లుండునని, ఆ బెదురు ఆరోగ్యమును తినివేయునని వైద్యులు తలంచుచున్నారు.

ఇక్కడ మాకొక అనుమానము కలిగినది. ఆరోగ్యమునకు మంచిదని తెలిసి మనము ఇరుగుపొరుగును చేరదీసినయెడల, అది బలము మందు త్రాగినట్లు కాదా? గ్రీకు తత్వజ్ఞానియైన అరిస్టాటిలు స్నేహము మూడు విధములని చెప్పెను: లాభముకొరకైనది, సరదాకొరకైనది, ఎదుటి మనిషి మేలుకొరకైనది. మొదటి రెండును ఆ లాభముతో, ఆ సరదాతో పోవును. తన రక్తపుపోటు తగ్గుటకై వచ్చి అరుగుమీద కూర్చున్నవానిని ఆ అమ్మ నిమిషములో కనిపెట్టును. స్నేహమువలన కలుగు సుఖము దానిని వెదకువానికి దొరకక, దానిని మరచినవానికి దొరకుట చిత్రమే గాని, అబద్ధము కాదు.

మరియు ప్రతి బాంధవ్యమును మేలు చేయదు. ప్రేమ లేక నిత్యము కలహించు కాపురము ఆరోగ్యమును చెరుపునని ఆ బోస్టను వైద్యులే చెప్పిరి. ఇంట దెబ్బలు తిను స్త్రీతో సహించుమని చెప్పు పెద్దలు ఈ మాట ఆలోచింపవలెను. యోబు స్నేహితుల సంగతి మనకు తెలిసినదే. ఏడు దినములు మాటలాడక అతనితో నేల కూర్చుండిరి. వారు చేసిన మంచి పని అదియే. నోరు తెరచిన తరువాత అంతయు చెడినది. (బోధకులమైన మాకు ఆ అధ్యాయములు చదువునప్పుడెల్ల కొంచెము సిగ్గగును.) పౌలు చెరలోనుండి వ్రాసిన కడపటి పత్రికలో తన అంగీని, పుస్తకములను తెమ్మనుటతోబాటు మార్కును వెంటబెట్టుకొని రమ్మని అడిగెను. ఒకప్పుడు ఇతనినిగూర్చియే తీవ్రమైన వాదము కలిగి పౌలును బర్నబాయు వేరైపోయిరి. ఆ నడుమ ఏమి జరిగెనో, ఎవరు ముందుగా మాటలాడిరో లేఖనము చెప్పలేదు. మన పల్లెలో గట్టు తగవువలన పది యేండ్లుగా మాటలు లేని అన్నదమ్ములు ఇద్దరు ఒకే గుడిలో రెండు ప్రక్కల కూర్చుండుచున్నారు. మార్కు సంగతి వారితో చెప్పవలెనని ప్రతి ఆదివారము అనుకొందుము. ఇంకను చెప్పలేదు.

జబ్బు నెమ్మదించిన తరువాత ఆ అమ్మను చూడబోతిమి. మీకేమి కావలెనమ్మా, కుమారులకు ఫోను చేసి చెప్పుదుమని అడిగితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "అయ్యగారూ, మీరు వచ్చినప్పుడల్లా పుస్తకం చేతబట్టుకొనే వస్తారు. చందా రాసుకుంటారు, ప్రార్థన చేస్తారు, ఎల్లిపోతారు. ఒక్కనాడు ఊరికే రండయ్యా," అన్నది.

మేమేమియు చెప్పలేకపోతిమి. సంఘపు దర్శనములు నెలకు ఇన్ని అని వ్రాసి పంపువారము మేము; ఆ లెక్కలో ఆమె ఇల్లు ఎన్నడును తప్పలేదు.

కనిపెట్టుకొని ఉండుటకు జీతమిచ్చి ఒక మనిషిని పెట్టెదమని కుమారులు ఫోనులో చెప్పిరి. ఆమె వద్దని, అరుగు కట్టించుమని అడిగినది. గేటు వెలుపల మురుగుకాలువ ఉన్నందున చోటు చాలలేదు. లోపలనే, గోడ ప్రక్కను, ఇద్దరు ముగ్గురు కూర్చుండునంత కట్టించి, పగలు గేటు తీసియుంచుటకు ఒప్పుకొనిరి. సిమెంటు ఆరిన మరునాడు సాయంకాలము మేము పుస్తకము ఇంటనే ఉంచి అక్కడికి పోతిమి. అప్పటికే ఇద్దరు స్త్రీలు వచ్చియుండిరి. మేము రాగా వారి మాటలు ఆగిపోయినవి. ఏమి మాటలాడవలెనో మాకును తోచలేదు. అమ్మ లోపలికి పోయి ఇంకొక చేటలో బియ్యము పోసి తెచ్చి మా చేతికిచ్చినది.