సాధనము – సాధన

సాధనము, సాధన అను రెండు మాటలును నొక్క ధాతువునుండియే పుట్టినవి. పని నెఱవేర్చుటకై చేత బట్టు వస్తువు సాధనము. ఆ పనికి దగినట్లు మనుష్యుడు తన్ను దాను దిద్దుకొను యత్నము సాధన. మొదటిది అంగడిలో దొరకును, రెండవది దొరకదు. ఈ భేద మెల్లరు నెఱిగినదే యైనను, దినదినమును క్రొత్త యంత్రము గృహమున బ్రవేశించుచున్న యీ కాలమున దఱచుగా మఱపునకు వచ్చుచున్నది. ఏ పనిని యంత్రమున కప్పగింపవచ్చును, ఏ పనిని అప్పగింపరాదు అను ప్రశ్న పండితుల వాదమునకు మాత్రమే తగినది కాదు. ప్రతి గృహస్థుడును తన యింటిలో దాను నిర్ణయించుకొనవలసిన ధర్మసూక్ష్మ మది.

మా అనంతపురమునకు బెంగుళూరు రెండువందల కిలోమీటర్లకు కొంచె మెక్కువ దూరము. వాన నమ్మరాని సీమ యగుటచే, వేరుసెనగ చేనికంటె బిడ్డల కంప్యూటరు చదువునే నమ్ముకొన్న కుటుంబములు మాలో బెక్కులు గలవు. అట్లు బెంగుళూరు చేరినవారిలో మా పూర్వశిష్యు డొకడు పగలెల్ల వెబ్‌సైట్లకు ప్రోగ్రాములు వ్రాయును. రాత్రులందు సంగీతము కల్పింప యత్నించును. అతడు మాతో నిట్లనెను: "సార్, కొత్త కీబోర్డు కొన్న రోజు పాట చేతికి అందినట్టే ఉంటుంది. నెల తిరిగేసరికి మనసు ఇంకోదాని మీదికి పోతుంది. గదిలో సామాన్లు పెరిగినాయి, పాట పెరగలేదు." ఇది యతని యొక్కనికే కలిగిన చిక్కు కాదు. చదువునకై కొన్న సెల్‌ఫోనును, వ్యాయామమునకై కొన్న యంత్రమును ఏ మూలనో మౌనముగా నీ మాటనే పలుకుచుండని యిల్లు నేడు దుర్లభము.

ఇట్టి యనుభవమును జూపి, యంత్రమే కళకు శత్రు వని తీర్మానించువారు గలరు. మే మా పక్షమువారము కాము. వీణయు నొక యంత్రమే. నేడు మన కచేరీల కత్యవసరమైన ఫిడేలు పరదేశమునుండి వచ్చినది; ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి మన సంగీతమునకు వశపఱచెను. గమకము పలుకదను కారణమున 1940లో రేడియోవారు హార్మోనియమును వెలివేసిరి. 1971 వఱకును ఆ నిషేధము సడలలేదు. అయినను మన నాటకశాలలందును భజనగోష్ఠులందును అది మ్రోగుచునే యుండెను. బెంగుళూరుననే జి. రాజ్ నారాయణ్ అను ఇంజినీరు, తాను వేణువు వాయించువా డగుటచే గాయకుల యవసర మెఱిగి, 1970వ దశకపు చివర విద్యుత్తుతో బలుకు శ్రుతిపెట్టెను నిర్మించెను. తంబురను కొనజాలనివారికిని మోసికొని పోజాలనివారికిని అది శ్రుతి నిచ్చినది. కావున పరికరము వచ్చె నని వగవ బనిలేదు. అది వచ్చిన పిదప మన మేమి మానితిమి యనునదే విచారింపదగినది.

ప్రోగ్రాము అనగా నేమి? బుద్ధి లేని యంత్రమునకు గూడ సందేహము కలుగకుండునట్లు, ఒక పనిని అడుగడుగునకు విభజించి చెప్పిన విధి. ఈ విద్య మన పూర్వులకు బొత్తిగా గ్రొత్త కాదు. పింగళుని ఛందస్సూత్రములు గురులఘువుల ప్రస్తారమును జెప్పినది ఇట్టి విధులతోనే. మా కదిరి సీమలోని కటారుపల్లెను తన సమాధిస్థలముగా బ్రసిద్ధి నొందించిన వేమన యెక్కువగా వాడిన యాటవెలదినే చూతము. సూర్యగణములు రెండు, ఇంద్రగణము లాఱు. బేసి పాదములందు మూడు సూర్యగణములును రెండింద్రగణములును, సరి పాదములందు నైదు సూర్యగణములును వచ్చును. ఈ లెక్కను బేసి పాదము 288 విధముల, సరి పాదము 32 విధముల నిలువగలదు. నాలుగు పాదముల పద్య మంతయు 8,49,34,656 విధముల నిలువగలదు. ఈ రూపముల నన్నిటిని కంప్యూటరు విసుగు లేక యేకరువు పెట్టును. పద్యమున గణములను యతిని సరిచూచు 'ఛందం' అను ప్రోగ్రామును తెలుగువారే రచించియున్నారు. విద్యార్థులకు అది మంచి తోడు. అయినను ఎనిమిది కోట్లకు మించిన యీ మూసలలో నేదియు, లోకపు కపటమును జూచి యోర్వలేని యొక మనుష్యుడు అందు నిలువనిదే వేమన పద్యము కాజాలదు.

సంగీతమునను ఇట్లే. 17వ శతాబ్దమున వేంకటమఖి స్వరముల కూడికలను లెక్కించి, పూర్వాంగము లాఱు, ఉత్తరాంగము లాఱు, మధ్యమములు రెండు, వెరసి 72 మేళములని యేర్పఱచెను. వానిలో నాటికి వాడుకయం దున్నవి 19 మాత్రమే. తక్కినవి లెక్క కట్టిన యిండ్లు; కాపురమున్నవారు లేరు. పిమ్మట త్యాగరాజాది వాగ్గేయకారులు వానిలో గొన్నిట పాటలు గట్టి దీపము పెట్టిరి. లెక్క కట్టినవానిని మేము తక్కువగా జూడము. అతడు చోటు చూపెను. ఒక్క గుర్తు తప్పినను నిలిచిపోవు ప్రోగ్రామును ఓపికతో సరిదిద్దుటయు సాధనయే. మా శిష్యుడు మంచి కంప్యూటరు కొన్నంత మాత్రమున మంచి ప్రోగ్రాములు వ్రాయుట రాదని తన వృత్తియం దెఱిగినవాడే. సంగీతమునకు వచ్చునప్పటికి ఆ యెఱుకను గుమ్మమువద్ద విడిచి లోనికి బోవుచున్నాడు.

ఇప్పు డింకొక సందేహము. యంత్రమే పాట కట్టగలిగినచో మనకు సాధన యేల? 1843లోనే ఇంగ్లండున ఏడా లవ్‌లేస్, బాబేజి తలపెట్టిన గణనయంత్రమును గూర్చి వ్రాయుచు, స్వరముల పరస్పర సంబంధములను విధులలో నిమిడ్చినచో నట్టి యంత్రము సంగీతమును గూడ రచింపవచ్చు నని యూహించెను. 1957లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ తన ప్రోగ్రాముచే కంప్యూటరును 17 సెకండ్లపాటు పాడించెను. నేడు నాలుగు మాటలు టైపు చేసినచో, పల్లవి, చరణము, కంఠము, వాద్యము సమస్తమును సిద్ధమై వచ్చుచున్నవి. వినువానికి పాట కావలెను. అది యెట్లు పుట్టిన నేమి అని యడుగువారి మాటలో కొంత సత్యము గలదు. గురువును సమకూర్చుకొన లేని పేదబాలునకు ఈ యంత్రము తోడు వాద్యమైనచో, కాదనుటకు మన మెవ్వరము?

దీనికి సమాధానము మన వంటయింటనే దొరకును. పూర్వము రోలు, రోకలి, తిరుగలి యింటి స్త్రీల భుజములను అరుగదీసినవి. పిండిమరయు మిక్సీయు వచ్చి యా బరువును దించినవి. దంచుట మానినందున ఏ యిల్లాలి గుణమును తఱుగలేదు. దంపుటలో గొప్ప విద్య గలదని పొగడిన పురుషు డెవ్వడును రోకలి పట్టియుండలేదు. ఇట్టి పనిని యంత్రమున కప్పగించుట ధర్మము. కాని, బిడ్డకు అక్షరము నేర్పుట, రోగి చెంత గూర్చుండుట, శ్రుతిలో షడ్జమును నిలుపుట వేఱు జాతి పనులు. వీనిలో ఫలము చేతికి వచ్చుటతోబాటు చేసినవాడును మాఱును. కావున మేము చెప్పు పరీక్ష యిది: పని ముగిసిన పిదప, చేసినవానియం దేమి మిగిలినది? అలసట మాత్రమే మిగిలినచో దానిని యంత్రమున కిచ్చివేయుడు. చూపో, వినికియో, ఓపికయో, తోడివాని యెడ బాధ్యతయో మిగిలినచో దానిని చేజాఱనీయకుడు.

కొన్ని పనులలో ఈ రెండును గలసియుండును. అప్పుడే మనము మోసపోవుదుము. మా జిల్లాలో ఏటికి సగటున పడు వాన 550 మిల్లీమీటర్ల ప్రాంతము. అందుచేతనే పూర్వులు చెఱువులు త్రవ్విరి. అనంతపురపు చెఱువును బుక్కరాయసముద్రపు చెఱువును 1364 నాటివని చెప్పుదురు. చెఱువును గట్టి కాపాడువారికి దశబంధ మను పేర మాన్యము లిచ్చు నాచార ముండెను. తరువాత విద్యుత్తు మోటారు వచ్చి, కపిల తోలు రైతును ఎద్దులను మోపెడు కష్టమునుండి తప్పించినది. అది మేలే. కాని కపిలతోబాటు పూడిక తీయుటయు విడిచితిమి. పూడికతీతలో ఒడలి కష్టము మాత్రమే కాదు, ఊరివారి నీటి లెక్కయు, ఒకరి కొకరు జవాబుదారు లను తలంపును గలవు. బోరుబావిని ఎవరి చేనిలో వారు వేసికొందురు. ఒకడు లోతునకు బోయినచో, ప్రక్కవాని బావి యెండును. అతడు నప్పుచేసి మఱింత లోతునకు బోవును. ఎండిన బోర్లకై యప్పుల పాలైన కుటుంబములు మా యూళ్ళలో గలవు. సాధనము మంచిదే, దానివెంట విడువరాని సాధనను విడిచినందున వచ్చిన నష్ట మిది.

విడిచిన సాధనను మరల దెచ్చుట యెంత కష్టమో మా జిల్లాలోని రాళ్ళపల్లెలో 1893లో జన్మించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి కృషి చెప్పును. 15వ శతాబ్దమునాటి తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిఱేకులమీద జెక్కబడి తిరుమల యాలయపు టఱలో నిలిచియుండెను. ఆ కాలమునకు రాగిఱేకుకంటె మన్నిక గల సాధనము లేదు. అక్షరము చెడలేదు, రాగముల పేర్లును నిలిచినవి. కాని స్వరములు వానిపై లేవు. గురువునుండి శిష్యునకు బాడుకొను పరంపర తెగిపోవుటచే ఆ పాట లెట్లు నడచెడివో చెప్పువారు లేకపోయిరి. మైసూరున బెక్కేండ్లు తెలుగు బోధించిన శర్మగారు 1950వ దశకమున తిరుపతిలో ఆ సంకీర్తనలను పరిష్కరించుచు, పెక్కింటికి తామే స్వరము కూర్చి నేటివారి కంఠమున కందించిరి. లోహము అయిదువందల యేండ్లు భద్రపఱచినను పాటను భద్రపఱుపలేకపోయినది. సంస్కృతము, తెలుగు, సంగీతము మూడింటను జిరకాలము సాధన చేసిన మనుష్యు డొకడు వచ్చిన పిదపనే ఆ ఱేకులు పలికినవి. నేడు మనము వేల పాటలను చేతిపెట్టెలో నిలువ చేసికొనుచున్నాము. రాగిఱేకునకు లేని శక్తి దీనికి గలదు, స్వరమునుగూడ దాచును. ఐనను, మన యింట బాడువా డొక్కడును లేనిచో, మనమును ఆ యఱకు కావలివారము మాత్రమే యగుదుము.

చదువరులారా, యంత్రము మనకు కాలమును మిగిల్చుచున్నది. మిక్సీ యొక గంటను, మోటారు రెండు గంటలను, కంప్యూటరు మఱికొన్నిటిని మిగిల్చును. ఆ గంట లెవరి చేతికి బోవుచున్నవో ప్రతి యింటను లెక్క చూచుకొనవలెను. ఇల్లాలికి మిగిలిన గంటను మఱియొక చాకిరి మ్రింగుచున్నదా? యువకునకు మిగిలిన గంటను క్రొత్త పరికరముల ధరవరలు మ్రింగుచున్నవా? కుమార్తెకు శ్రుతిపెట్టె కొని యిచ్చి, పాడుకొను వేళకు వంటపనికి బిలుచు తలిదండ్రు లామెకు సాధనము నిచ్చి సాధన నపహరించినవా రగుదురు. ఆ వేళ వంటలో గొంత కుమారునకు అప్పగించినచో నిద్దఱును బాగుపడుదురు. క్రొత్త పరికరము కొనదలచినవాడు, ఉన్నదానిపై దినమునకు గంట చొప్పున నాఱు నెలలు పనిచేసి, అప్పటికిని దాని కొఱత యడ్డము వచ్చినచో గొనవచ్చును. కంప్యూటరు నేర్చు బిడ్డచే ఇతరుల ప్రోగ్రాములను వాడించుటతో నిలువక, పది పంక్తుల చిన్న విధినైనను స్వయముగా వ్రాయింపుడు. అది తప్పినచోట దానినే సరిదిద్దుకొననిండు. సరళీస్వరములు సాధన చేయు బిడ్డకు మన మిచ్చు నోపికనే ఈ బిడ్డకును ఇయ్యవలెను. ఇందులకు క్రొత్తగా గొనవలసిన దేమియు లేదు. మిగిలిన గంటను మిగులనిచ్చిన జాలును.